చుక్క మరిచింది మా అక్క కాదు

చుక్క మరిచిందని రాశారు కదా మీరు. నాలుగు పాయింట్ ఎనిమిది నొక్కబోయి, మధ్యలో చుక్క వదిలేసి, నలభై ఎనిమిది నొక్కిందని కాగితం మీద పెట్టి దాని కింద వరసగా సంతకాలు గీకారు. మందు ఎక్కించే పంపు తయారుచేసినవాళ్లు మీరే, భేషుగ్గా ఉందని ముద్ర గుద్దినవాళ్లూ మీరే, తేడా వచ్చినప్పుడు తీర్పు చెప్పేవాళ్లూ మీరే. తప్పు మాత్రం ఇరవై రెండేళ్లుగా మనుషుల నరాల్లోకి మందు కొలిచి పంపుతున్న ఒక నర్సు వేలిది. పందొమ్మిది రోజులుగా మా అక్క ఇంట్లో కూర్చుని ఆ వేలిని చూసుకుంటోంది. కుడిచేతి చూపుడువేలు. మొదటి వారంలో ఒకరోజు కూరగాయలు తరుగుతూ తరుగుతూ ఆగి, "ఏమే, నిజంగానే నొక్కకుండా వదిలేశానంటావా?" అని నన్నే అడిగింది. ఉద్యోగం పీకేస్తే ఇంకోటి వెతుక్కుంటాం, చచ్చిపోం. ఆమె చేతి మీద ఆమెకే అనుమానం పుట్టించారు చూడండి, దానికి ఏం జవాబు చెబుతారు?

పది దాటి ఒక నిమిషం. కౌంటరు ఆరు. ఆస్పత్రి వెనకవైపు రిపేరు గది, పన్నెండేళ్లుగా నేను పాడైన యంత్రాల పొట్టలు కోసి కుడుతున్న గది. ఉన్న మూడు కుర్చీల్లో ఒకదానికి చెయ్యి లేదు. అది కావాలనే కంపెనీ పెద్ద ఇంజనీరుకి వేశాను. బల్ల మీద పంపు. ఆ రోజు ఆరో మంచం రోగికి పదింతల మందు ఎక్కించినదే, అదే పంపు. మందు బదులు నీళ్ల సీసా తగిలించాను, గొట్టం చివర గీతలున్న సన్నని గాజు గొట్టం పెట్టాను. పక్కన నేను కట్టిన చిన్న సరంజామా: రెండు స్విచ్చులు, ఒక పాత ప్రింటరు మోటారు, రబ్బరు తొడిగిన ఇనప వేలు. పది సెకన్లకోసారి ఆ ఇనప వేలు 'పాత రీడింగులు' బటన్ నొక్కుతుంది, మరుక్షణం పంపుకి కరెంటు తెగుతుంది, రెండు సెకన్లకు తిరిగి వస్తుంది, కౌంటరు ఒకటి పెరుగుతుంది. గంటకి మూడువందల అరవై సార్లు. విచారణకు వచ్చిన డాక్టరమ్మ నాకిచ్చింది ఒక్క గంట. మోతాదు గంటకి ఎన్ని మిల్లీలీటర్లు పెట్టాలో ఆవిడనే చెప్పమన్నాను. కళ్లజోడు పైకి తోసుకుని "ఏడున్నర పెట్టు" అంది. పెట్టాను. "ఇది ఏడున్నర నుంచి నలభై ఎనిమిదికి దూకుతుందండీ, ఎవరి వేలూ తగలకుండా" అన్నాను. ఆ మాట ఫైల్లో రాసుకుంది. పెద్ద ఇంజనీరు నవ్వాడు. "జోస్యం కూడా చెబుతున్నావా టంకం? ఏ అంకెకి దూకుతుందో కూడానా?" నవ్వు, నవ్వు. పదకొండు దాకా నీ నవ్వుకి గడువుంది.

టంకం నా పేరు కాదు, వీళ్లు పెట్టింది. తెగిన తీగలు అతికించడానికి వచ్చిన మనిషిని, డిగ్రీ లేదు, కాలేజీ గుమ్మం తొక్కలేదు, చెత్తబుట్టలో పడేసిన మాన్యువళ్లు తెచ్చుకుని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివినదాన్ని. టంకం అంటే వెక్కిరింపు అనుకున్నారు. టంకం లేకపోతే మీ తెలివంతా విడివిడి ముక్కలే కదరా నాయనా. టిక్. పదిహేడు. మోటారు నెమ్మదిగా ఒక అడుగు వేస్తుంది, ఆగుతుంది, ఇంకో అడుగు వేస్తుంది, ఏడున్నర అంటే ఈ నడక, నా చెవికి అలవాటైపోయింది. ఇలాంటి చప్పుడే అమ్మ పనిచేసిన క్యాంటీన్లో పళ్లేలది. ఒకదాని మీద ఒకటి, టిక్, టిక్. తడి నేల మీద పీట వేసుకుని నేనూ అక్కా, సబ్బు నురగలో అమ్మ మోచేతులు. ఎదురుగా పళ్లేల దొంతర, దాని పైన చెక్క అలమర, అలమరలో గాజు సీసాలు. గుమ్మంలోంచి ఎన్ని పళ్లేలు వస్తున్నాయో సూపర్‌వైజరు పలక మీద గీతలు పెట్టేవాడు, ఇన్ని దాటితే పంపొద్దనేవాడు. లెక్క ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. ఒకరోజు దొంతర పెరిగి పెరిగి అలమరని పొడిచింది, సీసాలు పడ్డాయి, అమ్మ పాదం కోసుకుంది. కిటికీలోంచి ఇంకొకడు పళ్లేలు అందిస్తున్నాడని సూపర్‌వైజరుకి తెలియదు, ఎందుకంటే వాడు గుమ్మం దగ్గరే కూర్చుంటాడు. "నా లెక్క సరిగ్గానే ఉంది, నీకే పేర్చడం రాలేదు" అన్నాడు. పాదానికి గుడ్డ కట్టుకుంటూ అమ్మ, "ఎవడి పళ్లెం వాడికి తేలికేలే. దొంతర ఎవరు చూస్తారు?" అంది. ముప్పై ఏళ్లు అయింది. నేను చూస్తానమ్మా. నేనే చూశాను.

పంపులో నడిచే ప్రోగ్రామూ ఆ దొంతరే. లోపల వందల ఫంక్షన్లుంటాయి, ఒక్కోటి ఒక్కో చిన్న పని చేసే కూలీ. పనిలోకి దిగగానే తనకి కావలసినంత మెమరీ ఆక్రమించుకుంటుంది, పని మధ్యలో ఇంకో ఫంక్షన్ని పిలుస్తుంది, అది దీని మీద ఎక్కి కూర్చుంటుంది, అది మరోదాన్ని పిలుస్తుంది. పని అయినది లేచి చోటు ఖాళీ చేస్తుంది. ఈ దొంతరకి కంపెనీ కేటాయించిన చోటు రెండువేల నలభై ఎనిమిది బైట్లు. బైటు అంటే ఒక్క అక్షరం పట్టే స్థలం. అంతే. దాన్ని దాటితే ఆపేవాడు లేడు, పక్కవాడి చోటు తొక్కేయడమే. ఏ ఫంక్షన్ ఎంత తింటుందో చూసుకుంటాను, మీరు రాసిన ప్రోగ్రాం ఇవ్వండంటే, "అది కంపెనీ రహస్యమమ్మా" అన్నాడు ఈ పెద్దమనిషే. సరే, రహస్యం నీ దగ్గరే ఉంచుకో. చిప్పులోంచి యంత్రానికి మాత్రమే అర్థమయ్యే అంకెల గుట్టని బయటికి లాగాను. పేర్లు లేవు, ఊసు లేదు, పేజీల కొద్దీ అంకెలు. కానీ ఏ ఫంక్షనైనా లోపలికి అడుగుపెట్టగానే చేసే మొదటి పని చోటు పట్టుకోవడం, ఎంత పట్టుకుంటుందో ఆ గుమ్మంలోనే రాసి ఉంటుంది. మొత్తం ఆరువందల పధ్నాలుగు గుమ్మాలు. నాలుగు నోటుబుక్కులు.

అక్క చదివింది, నేను రాశాను. సస్పెండై ఇంట్లో కూర్చున్న మనిషి చేతికి పని కావాలిగా. వంటింటి బల్ల మీద కాగితాలు పరిచి, వార్డులో మందుల చీటీ చదివే గొంతుతో చదివేది. "పదహారు. నలభై. ఎనిమిది. మళ్లీ ఎనిమిది. ఓయమ్మో, దీన్ని చూడవే, రెండువందల డెబ్బై రెండు!" "అది పాత రీడింగులు తెర మీద గీసేదక్కా. తిండిపోతు." "మన పెదనాన్నలాగా అన్నమాట, వచ్చి కూర్చుంటే బల్లంతా ఆయనదే." ఆ పందొమ్మిది రోజుల్లో ఆమె నవ్వింది అప్పుడే. తర్వాత నేను ఒక్కదాన్నే కూర్చుని ఆరువందల పధ్నాలుగూ మొదటి నుంచి సరిచూశాను. ఒక్క తప్పు లేదు. ఒక్కటంటే ఒక్కటి. విన్నారా సంతకాల రాయుళ్లూ, ఈ మనిషేనట చుక్క మరిచింది.

డెబ్బై ఒకటి. పెద్ద ఇంజనీరు ఫోన్ చూసుకుంటున్నాడు. డాక్టరమ్మ మాత్రం కౌంటరు మీద నుంచి చూపు తిప్పడం లేదు, ఆవిడ అంటే నాకు కొంచెం కొంచెం గౌరవం పుడుతోంది. ఎవరు ఎవర్ని పిలుస్తారో గీతలు గీసి, అన్నిటికన్నా లోతుగా వెళ్లే దారి పట్టుకుని కూడితే పదహారువందల నలభై వచ్చింది. ఆ తర్వాత వారానికి కంపెనీవాళ్ల పరీక్షల రిపోర్టు నా చేతికి వచ్చింది. ఏసీ గదుల్లో, ఖరీదైన పరికరంతో, కంప్యూటరు చేత కొలిపించిన రిపోర్టు. లోతైన దారి: పదహారువందల నలభై. బైటు తేడా లేదు! గదిలో ఒక్కదాన్నే ఎగిరాను, స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకుని ఎగిరాను, నాలుగు నోటుబుక్కులూ రెండు జతల కళ్లూ వీళ్ల పరికరంతో సమానంగా నిలబడ్డాయి. ఎగిరాక లెక్క మళ్లీ చూశాను. పదహారువందల నలభై అయితే ఇంకా నాలుగువందల ఎనిమిది ఖాళీ ఉంది. అంటే పంపు మంచిదే. అంటే అక్క?

మూడు రోజులు అన్నం రుచి తెలియలేదు. మూడో రోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే తట్టింది. నా గీతల్లో రెండు ఫంక్షన్లు అనాథలు. రెండోదాన్ని మొదటిది పిలుస్తుంది, మొదటిదాన్ని ఎవరూ పిలవడం లేదు. పిలవని ఫంక్షన్ని ఎవడైనా ఎందుకు రాస్తాడు? నోటి నురగతోనే బల్ల దగ్గరికి పరిగెత్తాను. దాన్ని పేరు పెట్టి పిలవరు. కరెంటు పోగానే, యంత్రం ఏ పనిలో ఉన్నా ఆ పని మీదే ఆపేసి, ఒక పట్టీలో రాసిపెట్టుకున్న చిరునామా చూసుకుని అక్కడికి దూకుతుంది. అదే అలారం. ఒకటి మూడువందల పన్నెండు తింటుంది, అది పిలిచే రెండోది, తెర మీదికి మాటలు కూర్చేది, రెండువందల అరవై నాలుగు. ఖరీదైన పరికరం పేరు పెట్టి పిలిచినవాటినే లెక్కపెట్టింది. గుమ్మంలోంచి వచ్చినవే. కిటికీ సంగతి దానికి తెలియదు, దాన్ని నమ్మినవాళ్లు లేచి చూడలేదు. కూడండి. రెండువేల రెండువందల పదహారు. నూట అరవై ఎనిమిది బైట్లు గీత దాటి అవతలివాడి చోట్లోకి. అవతల ఎవరున్నారో తెలుసా? మోతాదు. రోగి ఒంట్లోకి గంటకి ఎంత మందు వెళ్లాలో ఆ అంకె. చుక్కకి ముందుది ఒక బైటు, చుక్క తర్వాతది ఒక బైటు.

ఇక మిగతాది చెబుతాను, దీనికోసమే ఈ గంట. బ్యాటరీ నిండుగా ఉంటే అలారం కూర్చే మాట 'బ్యాటరీ 100'. యంత్రంలో ప్రతి అక్షరానికీ ఒక అంకె గుర్తు. సున్నా అనే అక్షరానికి గుర్తు నలభై ఎనిమిది. మాట అయిపోయిందని చెప్పే గుర్తు ఉత్త సున్నా. ఆ మాట కూర్చే చోటు సరిగ్గా మోతాదు నెత్తిన పడుతుంది: చివరి అక్షరం చుక్కకి ముందు బైటు మీద, ముగింపు గుర్తు చుక్క తర్వాత బైటు మీద. నలభై ఎనిమిది, సున్నా. నలభై ఎనిమిది పాయింట్ సున్నా! ఆరో మంచానికి రాసిన మోతాదు నాలుగు పాయింట్ ఎనిమిది కావడం ఉత్త కాకతాళీయం. ఆ కాకతాళీయాన్ని పట్టుకుని మీరు ఒక మనిషిని వేలాడదీశారు. తెర మీద చూపించే అంకె వేరే చోట దాచుకున్న నకలు, అది మారదు. "నా కళ్లతో నాలుగు పాయింట్ ఎనిమిదే చూశానండీ" అని అక్క మొత్తుకుంటే ఒక్కడూ వినలేదు. అక్క భుజాలు పట్టుకుని ఊపేశాను. "నువ్వు మర్చిపోలేదక్కా! వాళ్ల సున్నా వచ్చి నీ నాలుగు మీద కూర్చుంది!" ముందు అర్థం కాలేదు ఆమెకి. తర్వాత తన కుడిచేతిని రెండో చేత్తో పట్టుకుంది.

నూట తొంభై. "చూడండి డాక్టర్ గారూ," పెద్ద ఇంజనీరు చెయ్యిలేని కుర్చీలో సర్దుకుంటున్నాడు, "గీత దాటుతుందని ఈవిడ కాగితం మీద కూడికలు చేశారు. కూడికలకేం, ఎవరైనా చేస్తారు. ఇంతవరకు నూట తొంభై సార్లు నొక్కారు, మా పంపు ఏమన్నా చలించిందా?" "ఇంకా టైముందిగా" అంది డాక్టరమ్మ. "మీ మర్యాద అది. సాఫ్ట్‌వేర్ అంటే తీగలు అతికించడం కాదు." "తీగ సరిగ్గా అతక్కపోతే వెంటనే తెలుస్తుంది సార్," అన్నాను, "అదే మీకూ దానికీ తేడా." డాక్టరమ్మ దగ్గింది, నవ్వు ఆపుకోవడానికని నాకు తెలుసు.

కానీ లోపల నాకు తెలిసినది ఇంకొకటుంది, అది అక్కకి చెప్పలేదు. అలారం ఊరికే వస్తే చాలదు. పాత రీడింగులు గీసే దారిలో యంత్రం అట్టడుగున ఉన్న ఆ ఒక్క రెప్పపాటులో రావాలి. రెండువందల సార్లకు ఒకసారి తగులుతుంది, ఉజ్జాయింపుగా. మూడువందల అరవై సార్లు వేస్తే ఆరింట అయిదు వంతులు నేను గెలుస్తాను. ఆ ఆరో వంతు ఇప్పుడు నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. అక్క యూనిఫాం లేకుండా వచ్చింది, ఈ భవనంలో ఆమెని మామూలు చీరలో చూడటం ఇదే మొదటిసారి, బంధువుని చూడటానికి వచ్చినదానిలా గోడకి ఒదిగి నిలబడింది. "ఇంకా ఎంతసేపే?" "ఆగక్కా." "అలా పెదవి కొరక్కు. నువ్వు పెదవి కొరికితే నాకు భయమేస్తుంది."

రెండువందల ముప్పై, నలభై. ఎవరికి తగులుతుందో ఆలోచించండి. షిఫ్టు మారేటప్పుడు పాత రీడింగులు తీసి చూసేదెవరు? మంచం జరిపేముందు బ్యాటరీ నిండిందా అని చూసుకునేదెవరు? రీడింగులు చూస్తూనే, చూపు తెర మీద ఉంచే, గోడ నుంచి కరెంటు తీగ పీకేదెవరు? బద్ధకస్తురాలు ఆ బటన్ జోలికే పోదు, ఆమె రోగికి ఏమీ కాదు. జాగ్రత్త ఉన్నవాళ్లనే కాటేసే పాము ఇది. ఆ పొద్దున అక్క చేసినదల్లా తనకి నేర్పిన పని నేర్పినట్టు చేయడమే, అదీ రెండు సెకన్లు తొందరగా, ఎందుకంటే ఎక్స్‌రే గది నుంచి పిలుపు వచ్చింది. ఆరో మంచం పెద్దాయన, బస్సు నడిపి రిటైరైనాయన, మూడు రోజులు కళ్లు తెరవలేదు. నాలుగో రోజు తెరిచి మొదట అడిగిన మాట, "ఆ అమ్మాయేదీ? చుక్క చుక్కా లెక్కపెట్టుకునే అమ్మాయి." ఆయన మాట ఫైల్లో లేదు. రోగి మాటకి గడి లేదట.

రెండువందల ఎనభై ఎనిమిది. పది నలభై ఎనిమిది. ఇంకా డెబ్బై రెండు వేట్లు, ప్రతి వేటూ కొత్తదే, ఇంతసేపు తగల్లేదని ఇప్పుడు జాలిపడి తగలదు. లెక్క వేయొద్దనుకుంటూనే వేశాను: ఇప్పుడిక పదింట ఏడు వంతులు ఓటమే. ఒక బైటు తప్పు లెక్క వేశానా? ఆ రెండో అనాథ రెండువందల అరవై నాలుగేనా? అక్క ఆ అంకె చదివిన గొంతు ఇంకా చెవిలో ఉంది, రెండు, ఆరు, నాలుగు, ఒక్కో అంకె విడివిడిగా, నాడి చూసి చెప్పినట్టు. లేదు. తప్పు లేదు. ఆమె చదివింది, నేను రాశాను, తప్పు లేదు. మూడువందలు. పెద్ద ఇంజనీరు బ్యాగు జిప్పు లాగుతున్నాడు. మూడువందల అయిదు. మోటారు అడుగు, ఆగడం, అడుగు. మూడువందల పది, ఆగడం, అడుగు, మూడువందల పదకొండు, అడుగు అడుగు అడుగు అడుగు.

చెవికి ముందు తెలిసింది. మోటారు నడవడం మానేసి పరిగెడుతోంది. నా చెయ్యి దానంతట అదే లేచి సరంజామా స్విచ్చు ఆపేసింది. గదిలో ఆ పరుగు చప్పుడొక్కటే, సన్నగా, సిగ్గులేకుండా, పందొమ్మిది రోజులుగా నేను కాగితం మీద విన్న చప్పుడు. గాజు గొట్టంలో నీళ్లు కళ్లముందే గీత ఎక్కుతున్నాయి. తెర మీద ఏడున్నర. చెక్కుచెదరని, అందమైన, అబద్ధపు ఏడున్నర. డాక్టరమ్మ లేచి వచ్చి, చేతి గడియారం కళ్ల దగ్గర పెట్టుకుని, సరిగ్గా నిమిషం నిలబడింది. "సున్నా పాయింట్ ఎనిమిది," అంది, "నిమిషానికి." అరవైతో హెచ్చవేసుకుంటూ ఆవిడ పెదవులు కదిలాయి. ఆగాయి.

"ఎక్కడో వైరు లూజై..." అని మొదలుపెట్టాడు పెద్ద ఇంజనీరు.

అప్పుడు గోడ దగ్గర నుంచి వచ్చింది గొంతు. వార్డు గొంతు. ఇరవై రెండేళ్ల గొంతు. "సార్, ఏడున్నర నొక్కబోయి చుక్క మర్చిపోతే డెబ్బై అయిదు రావాలి కదండీ. ఈ నలభై ఎనిమిది ఎవరి వేలు నొక్కింది?" అక్క ముందుకు వచ్చి నిలబడింది, చూపుడువేలు పంపు వైపు చాచి. ఆ వేలు వణకలేదు. అమ్మా, చూడు. దొంతర చూశాం. ఇద్దరం చూశాం. నాకు ఏడుపొస్తుందనుకున్నాను; వచ్చింది ఈల. నిజంగానే ఈల వేశాను, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని, ఆస్పత్రిలో, విచారణాధికారి ముందు. ఆవిడ నన్ను మందలించలేదు. తెల్లకాగితం తీసుకుంది. పెద్ద ఇంజనీరు ఆ పంపుని చూస్తున్నాడు, మొదటిసారి నిజంగా చూస్తున్నాడు, రంగు పోయిన మొహంతో, "అలారం దారి రిపోర్టులో... రిపోర్టులో లేదు కదా అది" అని తనలో తనే అనుకుంటూ. లేదు సార్. లేదు. మీరు చెడ్డవాళ్లని నేననను. మీరు గుమ్మం దగ్గర కూర్చుని లెక్కపెట్టారు, అంతే, కానీ ఆ అంతేకి ఒక పెద్దాయన మూడు రోజులు కళ్లు తెరవలేదు.

బాధపడటానికి తర్వాత తీరిక చేసుకోండి. ఇప్పుడు నేను చెప్పేది రాసుకోండి. డాక్టరమ్మా, ఆ పాత కాగితం కొట్టేయండి, మా అక్క తప్పు లేదని రాయండి, కానీ అది మధ్యాహ్నం రాసినా ఫరవాలేదు, ఆమె ఆగుతుంది. ఆగలేనిది వేరే ఉంది. ఈ భవనంలో ఇలాంటి పంపులు నూట పన్నెండు నడుస్తున్నాయి, బయట ఎన్ని ఆస్పత్రులకు అమ్మారో లెక్క మీ దగ్గరే ఉంది. ప్రతి ఫంక్షన్ ఎంత మెమరీ తింటుందో, పేరు పెట్టి పిలిచేదీ, చిరునామా చూసి దూకేదీ, ఒక్కటి వదలకుండా కొలిచి, ఆ కొలత ప్రతి రిపేరు గది గోడకీ అంటించాలి. రహస్యమనే మాట ఇంకోసారి నా చెవిన పడకూడదు. అదీ రేపటి పని. ఒంటిగంటకి షిఫ్టు మారుతుంది. ఒంటిగంటకి అన్ని వార్డుల్లో మంచి నర్సులు, జాగ్రత్త ఉన్న నర్సులు, పాత రీడింగుల బటన్ నొక్కి, చూపు తెర మీద ఉంచే, తీగ పీకుతారు. ఇంకా రెండు గంటలుంది. పెద్ద ఇంజనీరు గారూ, ఆ ఫోన్ ఇందాకటి నుంచీ మీ చేతిలోనే ఉంది. అమ్మిన ప్రతి ఆస్పత్రికీ చెయ్యండి, ఇప్పుడే, నా ముందే, ఆ పంపులు ఆపమనండి. అక్కా, నువ్వు పై అంతస్తు నుంచి మొదలుపెట్టు, నేను కింద నుంచి వస్తాను. లేవండి.